సైడు స్టాండుకు వేయించిన పలక

మా మోటారు సైకిలు సైడు స్టాండు కింద అరచెయ్యంత ఇనుప పలక ఒకటి ఉంది. దాన్ని చూసి మామిడికాయల మండీలో మరికొందరు తమ బండ్లకూ అలాంటివి వేయించుకున్నారు. తోటల్లో తిరిగేవాళ్లకు అది ఎంత అవసరమో మా ఆయన వాళ్లకు విడమరిచి చెబుతాడు. ఆ ఆలోచన తనదని ఆయన ఎన్నడూ నోరు తెరిచి అనలేదు. కాదనీ అనలేదు. ఇంట్లో అందరూ పడుకున్నాక, బిడ్డ మీద ఒక కన్ను వేసి ఇది రాస్తున్నాను. పలక గురించి రాయాలంటే బిడ్డ కాలు గురించి రాయాలి. అందుకే ఇన్నాళ్లూ రాయలేదు.

నేను పుట్టి పెరిగింది రేణిగుంట రైల్వే క్వార్టర్సులో. మా నాయన అక్కడ గుమాస్తా. రోజూ రైల్లో తిరుపతికి పోయి బి.ఎస్సీ. చదివాను. పెళ్లయి చిత్తూరు వచ్చాను. అత్తగారింట్లో మామిడికాయల వ్యాపారం. చెట్లు పూత మీద ఉండగానే తోటకు ధర కట్టి, కాపలా పెట్టి, కాయ ముదిరాక కోయించి మండీకి తోలుతారు. మామగారు పోయాక ఆ పనంతా మా ఆయన మీద పడింది. బస్సు దిగి పొలాల గెనిమల మీద నడిచి తిరగడం తన వల్ల కాదని, మా పాప పుట్టిన ఏడాది మోటారు సైకిలు కొన్నాడు.

ఆ బండి మీద ఆయనకున్న ప్రేమను నేను తప్పు పట్టను. అప్పటికి మా వీధిలో ఇంకెవరికీ లేదు. పొద్దున్నే బిడ్డ పాత గౌనుతో దాన్ని తుడిచేవాడు. ఆ గుడ్డ చిరిగిపోతే, ఇప్పుడు తొడుక్కున్న గౌను ఎప్పుడు పాతదవుతుందా అని చూసేవాడు.

మా వైపు ఒక అలవాటుంది. బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ చూశాను. మగవాడు ఎక్కడైనా బండి ఆపితే, సైడు స్టాండు వేసి, బిడ్డను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ హ్యాండిలుకు తగిలించి, "పోనీ, పోనీ" అని చెప్పి తన మాటల్లోకి తాను పోతాడు. బిడ్డ నోటితో బుర్రుమంటూ అక్కడే ఉంటుంది. ఏడవదు, మట్టిలో ఆడదు, కాళ్లకు అడ్డం రాదు. చూసినవాళ్లంతా ముచ్చటపడతారు. బిడ్డను ఎత్తుకుని నిలబడేదానికంటే అది తండ్రికి గౌరవంగా ఉంటుంది.

బండికి నడిమి స్టాండు కూడా ఉంటుంది. అది వేస్తే బండి రెండు కాళ్ల మీద నిటారుగా, కదలకుండా నిలుస్తుంది. కానీ వేయాలంటే బండిని వెనక్కి గుంజి ఎత్తాలి. తెల్ల ప్యాంటుకు నూనె మరక అంటుతుంది. సైడు స్టాండయితే మడమతో ఒక తోపు చాలు. మనిషి ఒంటికాలి మీద గోడకు ఆనుకున్నట్టు బండి పక్కకు వాలి నిలబడుతుంది. ఆ కాలు బొటనవేలంత లావు ఇనుప కడ్డీ. కింద కొంచెం వంచి వదిలేశారు. తారురోడ్డు మీద దానితో ఏ బాధా లేదు. దున్నిన మట్టిలో మాత్రం అది పలుగు దిగినట్టు దిగుతుంది. దిగేకొద్దీ బండి ఇంకా వాలుతుంది, వాలేకొద్దీ బరువంతా ఆ కడ్డీ మీదికే వస్తుంది. ఒక్కసారిగా పడదు. తీరిగ్గా పడుతుంది. చూసేవాళ్లు ఉంటే పట్టుకోవచ్చు.

ఆ రోజు రేణిగుంటకు మా నాయనను చూడటానికి పోతున్నాం. మూడేళ్లు కూడా నిండని పాప ట్యాంకు మీద, నేను వెనక. పాకాల దాటాక మా ఆయన బండిని మట్టిదావలోకి తిప్పాడు.

"ఒక తోట ఉండాది. రెండు మాటలు మాట్లాడేసి పోదాం. ఈ రోజు తెగ్గొట్టకపోతే ఎవడో ఎగరేసకపోతాడు," అన్నాడు.

ముందురోజు వాన పడింది. పిందె నిలిచే కాలంలో ఒకటి రెండు వానలు మాకు మామూలే. చెట్ల కింద దున్నిన నేల నల్లగా, మెత్తగా ఉబ్బి ఉంది. ఆయన ఒక చెట్టు నీడలో స్టాండు వేసి పాపను ట్యాంకు మీదే వదిలేశాడు.

"దింపండి బిడ్డను. నేల మెత్తగా ఉండాది, స్టాండు దిగబడతాది," అన్నాను.

"ఏం దిగబడదులే. దించితే బురదలో పొర్లాడతాది. మీ నాయన ముందరికి అట్లనే తీసకపోతావా?"

తోట రైతు పెద్దవయసు మనిషి. ఆయన భార్య మా ఎదురుగా వచ్చి పాపను చూసి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

"అబ్బ! ఎంత దర్జాగా కుచ్చోనుండాదో సూడు, కలెక్టరు మాదిరి! యాడికి పోతాండావమ్మే?"

"రేనిగుంట," అంది పాప, హ్యాండిలు వదలకుండా.

ఆమె నన్ను నీళ్ల మోటారు తొట్టి దగ్గరికి తీసుకుపోయింది, మొహం కడుక్కుని మజ్జిగ తాగమని. తొట్టి దగ్గరి నుంచి బండి కనిపిస్తూనే ఉంది. నేను దానివైపే చూస్తూ నిలబడ్డాను.

మా వ్యాపారంలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, కుడిచేతుల మీద తువ్వాలు కప్పుకుని, కింద వేళ్లు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. పక్కనున్నవాళ్లకు ఏమీ తెలియదు. మొహాలు చూస్తే వానల గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఒకడు పెంచుతాడు, ఒకడు ఒక వేలు మడుస్తాడు. కుదిరేదాకా చేతులు తువ్వాలు కిందే ఉండాలి. ముందు ఎవరు చెయ్యి తీసేస్తే వాళ్లు ఆ బేరం వద్దన్నట్టు. మళ్లీ పట్టుకోవడం మర్యాద కాదు. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది మా ఇళ్లల్లో.

మా ఆయన, రైతు ఒక గోనెపట్టా మీద అలా కూర్చున్నారు. బండికి వాళ్లు దగ్గర. నేను దూరం.

మజ్జిగ గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడు బండి ముందుకంటే వాలి ఉన్నట్టు అనిపించింది. నాకు ఎప్పుడూ ఏదో ఒకటి పడుతున్నట్టే ఉంటుందని ఇంట్లో ఎగతాళి చేస్తారు. అందుకని ఒకసారి కళ్లు తుడుచుకుని చూశాను. పాప ట్యాంకు మీద ఎడమవైపుకు జారుతూ, ఇంకా బుర్రుమంటూనే ఉంది.

గ్లాసు పడేసి పరుగెత్తాను. "పడతాంది! బండి పడతాంది!" అని అరిచాను.

మా ఆయన తల తిప్పి చూశాడు. బండినీ చూశాడు, నన్నూ చూశాడు. "ఏయ్, బిడ్డను పట్టుకో!" అని నన్ను కేకేశాడు. కూర్చున్నచోటి నుంచి లేవలేదు. కుడిచెయ్యి తువ్వాలు కిందే ఉంది.

దున్నిన నేలలో పరుగు సాగదు. అడుగు వేసినప్పుడల్లా కాలు మట్టిలోకి పోతుంది. నేను ఇంకా దారిలో ఉండగానే బండి పాపతో సహా పడిపోయింది. అప్పుడు రైతు గొంతు వినిపించింది.

"బిడ్డ పడిపాయ గదప్పా! సెయ్యి ఇడువు! ఇడువప్పా సెయ్యి!"

రైతు వేళ్లు మా ఆయన గుప్పిట్లో ఉన్నాయి. ఆ ముసలాయనే విదిలించుకుని లేచి, తువ్వాలు ఎగిరిపడగా, అందరికంటే ముందు బండి దగ్గరికి పోయాడు. ఆయన బండి ఎత్తితే నేను బిడ్డను లాగాను. నేల మెత్తగా ఉండటంతో ఎముకలు విరగలేదు. కానీ సైలెన్సరు గొట్టం మోకాలి కింద పిక్కకు అంటుకుంది. పాకాల దాకా తిరిగిన ఇంజను అది.

రైతు భార్య కలబంద చీల్చి గుజ్జు పెట్టింది. పాప ఏడుపు తోట చివరిదాకా వినిపించేటట్టుంది. అప్పటికి మా ఆయన వచ్చాడు. మొదట బిడ్డ కాలు చూశాడు. మొహం పాలిపోయింది. అది నేను చూశాను, లేదనను. తరవాత నామీద పడ్డాడు.

"ఆడ నిలబడుకోని ఏం సూస్తాండావు? బిడ్డను సూసుకునేదానికంటే మజ్జిగ ఎక్కువయిందా నీకు?"

రైతు తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకున్నాడు. బేరం గురించి మా ఆయన మళ్లీ నోరు తెరవబోతే, "ముందు బిడ్డను డాక్టరు కాడికి తీసకపో అప్పా," అని మాత్రం అన్నాడు.

రేణిగుంటలో డాక్టరు కట్టు కట్టాడు. మా నాయన ఒక్క మాటే అన్నాడు, అదీ నాతోనే. "బండి కాడ బిడ్డను ఒంటిగా వదలొచ్చునామ్మా?" అల్లుడికి ఫ్యాను కింద పరుపు వేయించాడు.

చిత్తూరు వచ్చాక మా అత్త బిడ్డ కాలు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. మనవరాలంటే ఆమెకు ప్రాణం. జరిగిందంతా విని తేల్చేసింది.

"దిష్టి మే. ఆ రైతు పెండ్లాం కలెక్టరు మాదిరి ఉండాదనిందంటివే, ఆ నోరే తగిలుండాది. ఉత్త నోరా అది!"

శుక్రవారం నాడు బండికి పసుపు కుంకుమ పెట్టి, హ్యాండిలుకు నిమ్మకాయలు, మిరపకాయలు దండగుచ్చి కట్టి, బూడిద గుమ్మడికాయ దిష్టి తీసి వాకిట్లో పగలగొట్టించింది. ముక్కలు ఎగిరి స్టాండు చుట్టూ పడ్డాయి. స్టాండు వైపు ఎవరూ చూడలేదు.

కొన్నాళ్లకు అటునుంచి ఒక కబురు వచ్చింది. ఆ తోటను ఆ రైతు ఇంకొకరికి ఇచ్చేశాడు. అన్నం ముందు కూర్చుని మా ఆయన, "మంచి తోట. చేతిలో ఉన్నిది పాయ," అన్నాడు. చేతిలో ఉన్నిది అంటే నాకు రైతు వేళ్లు కనిపించాయి. మా అత్త కూడా, "బిడ్డకు దెబ్బ తగిలితే తగిలె, తోటన్నా దక్కింటే మనసు కుదుటపడేది," అంది. ఆమె చెడ్డది కాదు. ఆ మాట అంటూ బిడ్డ నోట్లో ముద్ద పెడుతూనే ఉంది.

నాకు అడగాలని ఉన్న మాట ఒకటుంది. చెయ్యి ఎందుకు తీయలేదు? అది అడిగితే ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని స్టాండు గురించి అడిగాను. ఇనుము గురించి అడిగితే ఎవరికీ నొప్పి కలగదనుకున్నాను.

"స్టాండు కింద ఒక పలక వెల్డింగ్ పెట్టించండి. అరచెయ్యంత ఉంటే చాలు," అన్నాను ఒక రోజు.

"పలక యాలకి?"

"మేకు నేలలోకి దిగతాది. పీట దిగదు. బరువు ఒకటే అయినా, పీటకు ఆనుకునే జాగా ఎక్కువ. స్టాండు ఇప్పుడు మేకు మాదిరి ఉండాది. దాన్ని పీట మాదిరి చెయ్యాల."

ఆయన మా అత్త వైపు తిరిగి నవ్వాడు. "ఇంటివామ్మా? కాలేజీ పెట్టింది మనింట్లోనే."

"సదువుకున్నిది గదా, సెప్తాదిలే," అంది ఆమె, వడియాలు తిప్పుతూ.

"బండికి మంట తగిలిస్తే రంగు పొక్కిపోతాది. రేపు అమ్మేటప్పుడు ఎవుడు కొంటాడు? వెల్డింగ్ కనపడితే యాక్సిడెంటు బండి అంటాడు." ఇంతటితో ఆయనకు ఆ మాట అయిపోయింది.

నేను వదల్లేదు. పాలపొడి డబ్బా మూత ఒకటి బండి పక్క సంచిలో పెట్టి, మెత్తటి నేల ఉన్నచోట స్టాండు కింద వేసుకోమని చెప్పాను. సాయంత్రానికి అది వాకిట్లో పడి ఉంది. తోటల్లో జనం ముందు సంచిలోంచి పాలడబ్బా మూత తీసి కాలికింద పెట్టేదానికి తనకు సిగ్గంట. ఆ తరవాత కూడా పాపను ట్యాంకు మీద ఎక్కించుకుని బజారుకు తీసుకుపోతూనే ఉన్నాడు. వాళ్లు తిరిగి వచ్చేదాకా నేను వాకిట్లోనే పని వెతుక్కునేదాన్ని. వీధిలో ఎవరి బండి ఆగినా నా కళ్లు ముందు దాని స్టాండు కొన మీదికి పోయేవి. గుళ్లో, బస్టాండులో, సినిమా హాలు ముందు, అన్నిచోట్లా అంతే. ఇంకేమీ కనిపించేది కాదు.

చివరికి నేనే పోయాను. బస్టాండు వెనక వీధిలో ఒక వెల్డింగు కొట్టు ఉంది. మధ్యాహ్నం పాపను చంకన వేసుకుని పోయి నిలబడ్డాను. వెల్డరు నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు.

"ఏం గావాలమ్మా?"

"మోటారు సైకిలు సైడు స్టాండుకు కింద పలక వెయ్యాల. ఈ మాత్రం." అరచెయ్యి చూపించాను.

"బండి యాడ?"

"ఇంట్లో ఉండాది. రేపు తెప్పిస్తా. ముందు పలక కోసి పెట్టు. బండిని స్టాండు మీద వాల్చి, నేలకు ఆనించి కొలత తీసుకోవాల. నిటారుగా పెట్టి వేస్తే వాలినప్పుడు పలక అంచు మాత్రమే నేలకు తగల్తాది."

"అయ్య సెప్పినాడా?"

"నేను సెప్తాండా."

నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. "అయ్య వచ్చి ఒక్క మాట సెప్పనీమ్మా, అప్పుడే ఏసేస్తా. ఆడోళ్ల మాట మింద మొగోళ్ల బండికి మంట పెడితే, రేపు నన్ను యాడ పెడతారు?"

పాపను ఇంకో చంకకు మార్చుకుని తిరిగి వచ్చాను. పొద్దుగూకేలోపల మా ఆయనకు ఆ సంగతి చేరింది. మండీలో ఎవరో అడిగారట, నీ బండి రిపేర్లు ఇంట్లో ఆమె చూస్తాందా అని.

"వెల్డింగు కొట్టుకు పోయినావంట?"

"పోయినా."

"ఊరంతా నవ్వుతాండారు. నా మర్యాద తీసేదానికే కంకణం కట్టుకోనుండావా?"

"బిడ్డ కాలు సూసి ఎవరూ నవ్వల్యా?"

ఆ రాత్రి అన్నం తినలేదు ఆయన. తినకపోవడం నా తప్పయింది. మా అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తరవాత కోతలు మొదలయ్యాయి. మండీ ఆవరణంతా లారీల చక్రాలకు దున్నినట్టయి, వాన కురిస్తే గడ్డీ కుళ్లినకాయా బురదా కలిసి పులిసిన వాసన వేస్తుంది. ఒకరోజు అందరూ గుమిగూడి ఉన్నప్పుడు మా బండి అక్కడ పడింది. ఈసారి దానిమీద బిడ్డ లేదు. బుట్టల్లో నింపిన కాయల మీద పడింది. ఆ కాయలు మా ఆయనకు పోటీగా తోటలకు ధర కట్టే వ్యాపారివి. ఆయన కోప్పడలేదట. అంతకన్నా పెద్ద పనే చేశాడు. కూలీలు, రైతులు వింటూ ఉండగా చేతులు తట్టి అన్నాడట:

"బండినే నిలబెట్టుకోలేనోడు తోటలు నిలబెడతాడంటప్పా! రైతులారా, ఇనుకోండి!"

అందరూ నవ్వారు. ఇది నాకు మా ఆయనే చెప్పాడు. నాకంటే వాళ్లమ్మకు చెప్పాడు, నేను విన్నాను. చెబుతూ ఉంటే కణతలు అదురుతున్నాయి. బిడ్డ కాలు కాలిన రోజు మొహం పాలిపోయిందే గాని అలా అదరలేదు.

మరుసటి పొద్దున కాఫీ కూడా తాగకుండా బండి తీసుకుని వెల్డింగు కొట్టుకు పోయాడు. రంగు పొక్కడం, రేపు అమ్మడం, యాక్సిడెంటు బండి అనుకోవడం, ఇవేవీ ఆయనకు అడ్డం రాలేదు. ఎండెక్కేసరికి పలకతో తిరిగి వచ్చాడు.

"సూడు, నీ పలక!" అన్నాడు. ఆ పూటకు మాత్రం అది నాది.

చూశాను. వెల్డరు బండిని నడిమి స్టాండు మీద నిటారుగా నిలిపి, కడ్డీకి పలకను అడ్డంగా అతికించాడు. ఇప్పుడు బండి వాలితే పలక బయటి అంచు ఒక్కటే నేలకు ఆనుతుంది. పార మొన దిగినట్టు ముందుకన్నా ఎక్కువ దిగుతుంది. వాకిట్లో కల్లాపి చల్లిన తడి మీద నేను చూపిస్తుండగానే అది దిగింది.

"ఇది తప్పు," అన్నాను. అరచెయ్యి నేలకు ఆనించి, ముంజేతిని పక్కకు వాల్చి చూపించాను. "సెయ్యి వాలినా అరచెయ్యి నేలకు సమంగా ఉండాల. ఆయప్పతో నేను ముందే సెప్పినా."

ఆయన చాలాసేపు నా చేతిని చూశాడు. బండి తిప్పుకుని మళ్లీ కొట్టుకు పోయాడు. రెండోసారి వచ్చినప్పుడు పలక సరిగ్గా ఉంది. బండి ఎంత వాలుతుందో అంత వాల్చి, నేలకు పరిచి అతికించారు. ఎడమవైపు తిరిగేటప్పుడు రోడ్డుకు గీసుకోకుండా ముందు మూల కొంచెం పైకి మలిచారు. చక్కటి పని. దున్నిన మట్టిలో పెట్టినా, కాయల బురదలో పెట్టినా, వేలిగోరంత కూడా దిగలేదు. మండీలో పేరు వచ్చింది. పోటీ వ్యాపారి కూడా వంగి చూసి, "బాగుండాదే!" అన్నాడట. ఆ మాట మా ఇంట్లో వారం రోజులు నడిచింది.

నేను కొంచెం నిద్రపోవడం మొదలుపెట్టాను.

పోయిన నెలలో బంగారుపాళ్యం దగ్గర మా అత్తకు బంధువుల ఇంట్లో గృహప్రవేశం. ఆయన, నేను, పాప ముగ్గురం బండి మీదే పోయాం. భోజనాలయ్యాక తిరిగి వస్తూ ఉంటే మా ఆయనకు రోడ్డు పక్కన ఒక తోట కనిపించింది. పూత బాగా ఉంది. రైతు చెట్ల కింద నీళ్లు పారిస్తున్నాడు.

బండి ఆపి, స్టాండు వేసి, పాప రెండు చేతులూ హ్యాండిలుకు తగిలించాడు. తడి నేల. పక్కనే కాలువ పారుతోంది.

"దింపండి," అన్నాను.

"ఇంకేంది నీకు? పలక పలక అని పానం తీసినావు. ఏసినాం. సూడు, దిగిందా?"

చూశాను. దిగలేదు. పలక తడిమట్టి మీద చాప పరిచినట్టు ఉంది. నేను చెప్పిన లెక్క తప్పలేదు. పలక వేయించమని ప్రాణాలు తీసింది బిడ్డను మళ్లీ దానిమీద కూర్చోబెట్టడానికి కాదని, ఎలా చెప్పాలి? పక్కన పనిచేస్తున్న ఆడవాళ్లు మావైపే చూస్తున్నారు.

"అమ్మా, నువ్వు పో," అంది పాప. "పడదు. నాయన సెప్పినాడు." పిక్క మీద చింతకాయంత మచ్చ, ట్యాంకు పక్కన వేలాడుతున్న కాలు మీద, మెరుస్తోంది. పాపకు ఆ రోజు గుర్తు లేదు. బండి అంటే ఇష్టం మాత్రం ఉంది.

"ఇను, కలెక్టరమ్మ ఆర్డరు!" అని నవ్వాడు మా ఆయన. నవ్వి, తోటవైపు రెండడుగులు వేశాడు.

అప్పుడు అడిగాను. అంతవరకు అడగనిది, అంతమంది ఉన్నప్పుడు అడిగాను.

"ఆ దినం సెయ్యి యాల తియ్యల్యా?"

ఆగాడు. నేను కోప్పడతాడనుకున్నాను. కోపం రాలేదు. నిజంగానే నాకు తెలియక అడుగుతున్నాననుకున్నాడు. ఇన్నేళ్లు ఆ ఇంట్లో ఉండి ఇది కూడా నేర్చుకోలేదా అన్నట్టు, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"సెయ్యి తీస్తే బేరం ఇరిగిపోతాది గదమే. నీకు తెలీదా?"

ఆ గొంతులో దాపరికం ఏమీ లేదు. నన్ను నొప్పించాలనీ లేదు. నేను అడిగింది వ్యాపారం గురించి అనుకున్నాడు.

నేను బండి దగ్గరికి పోయి పాపను ఎత్తుకున్నాను. అది హ్యాండిలు వదలలేదు. వేళ్లు ఒక్కొక్కటీ విప్పాను. కాళ్లతో తన్నింది, భుజం మీద కొరికింది. "ఏమే, ఏమయింది నీకు? అందురూ సూస్తాండారు," అని ఆయన వెనక నుంచి అంటున్నాడు. పనిచేస్తున్న ఆడవాళ్లలో ఒకామె, "బిడ్డకు దయ్యం పట్టిందా, తల్లికి పట్టిందా?" అంది. మిగతావాళ్లు నవ్వారు. నేను కాలువ దాటి రోడ్డెక్కాను.

బస్సు కోసం చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. ఆయన పిలవడానికి రాలేదు. తోటలో మాటలు మొదలైనట్టున్నాయి. ఆ రోజు నుంచి ఆయన బండి మీద ఎక్కడికి పోయినా నేను, బిడ్డ బస్సులోనే పోతాం. బండి పెట్టుకుని బస్సుకు కాచుకునే కోడలు వచ్చిందని మా అత్త చుట్టుపక్కల ఇళ్లల్లో చెప్పింది. మొగుడితో పడటంలేదని కొందరు, నాకు తల తిరుగుడు రోగమని కొందరు అనుకుంటున్నారు. రెండోది మా ఆయన చెప్పిందే.

ఆ రోజు బస్సు చిత్తూరు చేరేదాకా పాప నా ఒళ్లోనే ఉంది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బస్సు పక్కగా ఒక మోటారు సైకిలు పోయినప్పుడు, "నాయన!" అని లేచింది. కాదు, ఎవరో. మళ్లీ కూర్చుంది. నా మొహం మాత్రం చూడలేదు.